మూసీ వరద బాధితుల గూటికి బాట వేసిన విశ్వేశ్వరయ్య

బీర్కూర్: నిజాంసాగర్ గేట్లు ఎత్తిన నాడు మంజీర ఉద్ధృతి ఎలా ఉంటుందో బీర్కూర్ వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. ముంపు తీసిన తరువాత ఇల్లు మళ్లీ ఎక్కడ కట్టుకోవాలన్నది ఏటి ఒడ్డున బతికేవారందరికీ ఎదురయ్యే ప్రశ్న. నిజాం సంస్థానంలో ఆ ప్రశ్నకు మూలం నుంచి సమాధానం వెతికినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. ఇంటిపేరైన మోక్షగుండం మన గిద్దలూరు ప్రాంతపు ఊరే. పుణెలో ఇంజినీరింగ్ చదివి, బొంబాయి ప్రజాపనుల శాఖలో పేరు గడించారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15 వేల మంది మరణించారని, 19 వేల ఇళ్లు కూలి 80 వేల మంది నిలువ నీడ కోల్పోయారని అంచనా. విదేశీ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. 1909లో వచ్చిన ఆయన ముందుగా నగరానికి ఎగువన ఉన్న చెరువుల లెక్క తీశారు. 788 చెరువులలో 221 తెగి, ఒకదాని నీరు మరొకదానిపై పడి నగరంపైకి దూకిందని తేల్చారు. కూలిన చోటనే గోడలు లేపితే మరో వానకు అవి నిలువవు కదా! అందుకే మూసీ, ఈసీ నదులపై జలాశయాలు నిర్మించాలని, నగరంలో నది గట్లను ఎత్తు చేసి ఉద్యానాలు పెంచాలని, భూగర్భ మురుగు కాలువలు వేయాలని సూచించారు. నివేదిక ఇచ్చిన కొద్దికాలానికే మైసూరు చీఫ్ ఇంజినీరుగా తరలివెళ్లారు.

ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి, వెడల్పు వీధులతో, గాలి వెలుతురు వచ్చే ఇళ్ల వరుసలు నిర్మించింది. బాధితులకు వెంటనే దక్కిన గూడు కాదది, ఏళ్లు పట్టింది. ఆ జాప్యాన్ని మరువరాదు. అయినా వరద తరువాత పరిహారంతో చేతులు దులుపుకోకుండా ఊరి రూపునే మార్చిన ప్రయత్నాలు ఆనాడు అరుదు.

మన మంజీరపై నిజాంసాగర్‌ను 1923-31 మధ్య నిర్మించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ కూడా ఆ తరం ఇంజినీరే.

విశ్వేశ్వరయ్య తరువాతి కాలంలోనూ హైదరాబాద్ మురుగు కాలువల పనులకు సలహాలిచ్చారు. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15ను దేశం ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకొంటోంది.