ప్లేగు, క్షమాపణ, బడ్జెట్: గోపాలకృష్ణ గోఖలే ప్రశ్నల ప్రస్థానం

1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు కొద్ది నెలల్లోనే పుణెకు పాకింది. దాన్ని అరికట్టే పేరుతో తెచ్చిన అంటువ్యాధుల బిల్లు 1897 జనవరి చివర్లో కలకత్తాలో గవర్నర్ జనరల్ కౌన్సిల్ ముందుకు వచ్చి, ఫిబ్రవరి 4కల్లా చట్టమైపోయింది. నాలుగే సెక్షన్లున్న ఆ చట్టం ప్రభుత్వానికి దాదాపు హద్దుల్లేని అధికారాలిచ్చింది. సదుద్దేశంతో చేశామనే అధికారులపై దావా వేయడానికి కూడా వీల్లేదు.

పుణెలో ప్లేగు కమిషనర్ రాండ్ ఇళ్ల సోదాలకు సైనికులను దింపాడు. రోగులను ఆస్పత్రులకు, కుటుంబసభ్యులను శిబిరాలకు తరలించారు. పూజగదులు, వంటిళ్లలోకి కూడా సైనికులు చొరబడుతున్నారని జనం రగిలిపోయారు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపారు. కొద్ది రోజులకు అతడు చనిపోయాడు.

రత్నగిరి జిల్లాలో 1866లో పుట్టి, పుణె ఫెర్గూసన్ కాలేజీలో పాఠాలు చెప్పే గోపాలకృష్ణ గోఖలే అప్పుడు లండన్‌లో ఉన్నాడు. భారత ప్రభుత్వ ఖర్చులపై విచారిస్తున్న వెల్బీ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పడానికి వెళ్లాడు. పుణె మిత్రుల ఉత్తరాలను నమ్మి, సైనికులు ఇద్దరు స్త్రీలపై అత్యాచారం చేశారని, వారిలో ఒకరు ఆత్మహత్య చేసుకున్నారని అక్కడి పత్రికకు చెప్పాడు. బ్రిటన్‌లో దుమారం రేగింది. ఆధారాలు చూపమని ప్రభుత్వం నిలదీసింది.

తిరిగొచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. తిలక్‌ను రాజద్రోహం కేసులో అరెస్టు చేశారు. ఉత్తరాలు రాసిన వాళ్లెవరూ బహిరంగంగా సాక్ష్యం చెప్పడానికి ముందుకు రాలేదు. గోఖలే వాళ్ల పేర్లు బయటపెట్టలేదు. తన ఆరోపణను రుజువు చేయలేకపోయాడు. ప్రభుత్వానికి, సైనికులకు బేషరతుగా క్షమాపణ చెప్పాడు. సొంత మనుషులే పిరికివాడన్నారు. ఆ ఏడాది అమరావతి కాంగ్రెస్ సభల్లోనూ ఆయనకు అవమానం తప్పలేదు. ప్లేగు మళ్లీ విజృంభించినప్పుడు మాత్రం పుణెలో స్వచ్ఛంద సేవకుడిగా పనిచేశాడు.

రాజకీయ జీవితం ముగిసిందనుకున్న మనిషి 1899లో బొంబాయి శాసనమండలికి ఎన్నికయ్యాడు. 1901లో భూమిశిస్తు చట్ట సవరణను నిరసిస్తూ ఫిరోజ్‌షా మెహతాతో కలిసి వాకౌట్ చేశాడు. తర్వాత మెహతా స్థానంలో కలకత్తాలోని ఇంపీరియల్ కౌన్సిల్‌కు వెళ్లాడు.

అక్కడ సభ్యులకున్న అధికారం స్వల్పం. 1892 చట్టం ప్రకారం బడ్జెట్‌పై మాట్లాడవచ్చు, ఓటు వేయకూడదు. ప్రశ్న అడగవచ్చు, జవాబుపై అనుబంధ ప్రశ్న వేయకూడదు. మెజారిటీ ఎప్పుడూ ప్రభుత్వానిదే.

1902 మార్చి 26న తొలి బడ్జెట్ ప్రసంగంలో గోఖలే పేరు చెప్పలేని సాక్షుల జోలికి పోలేదు. ప్రభుత్వం అచ్చేసిన లెక్కలనే తీసుకున్నాడు. కరువు, ప్లేగుతో జనం చస్తుంటే ఖజానాలో కోట్ల మిగులు చూపడం సౌభాగ్యానికి గుర్తు కాదని, అవసరానికి మించి పన్నులు పిండుతున్నారనడానికి రుజువని వాదించాడు. ఈ లెక్కలు తప్పని తోసిపుచ్చే వీలు ప్రభుత్వానికి లేకపోయింది, అవి దాని సొంత లెక్కలు. ఏటా అదే పట్టు పట్టాడు. మణుగుకు రెండున్నర రూపాయలున్న ఉప్పు పన్ను 1903 నుంచి మెట్టుమెట్టుగా తగ్గి 1907లో రూపాయికి దిగింది. ఈ తగ్గింపు ఆయన ఒక్కడి ఘనత కాదు. కానీ ఒత్తిడి తెచ్చిన గొంతుల్లో ఆయనది ముఖ్యమైనది.

అన్నీ గెలవలేదు. నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు 1912లో 13 ఓట్లకు 38 తేడాతో వీగిపోయింది. 1915 ఫిబ్రవరి 19న, యాభై నిండకుండానే ఆయన కన్నుమూశాడు.

1897 నాటి చట్టం మాత్రం బతికే ఉంది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా అనేక రాష్ట్రాలు కరోనా నిబంధనలను దాని కిందే జారీ చేశాయి. ఆ సెప్టెంబర్‌లో పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయం లేకుండా సమావేశమైంది. లాక్‌డౌన్‌లో ఎందరు వలస కార్మికులు చనిపోయారన్న లెక్క తమ దగ్గర లేదని కేంద్రం లోక్‌సభకు రాతపూర్వకంగా తెలిపింది. ఎందుకు లేదని మంత్రిని అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేసే అవకాశం, 1902లో గోఖలేకు లేనట్టే, ఆ రోజు సభ్యులకూ లేదు.