తండ్రి మాట నిలిపిన గ్రంథప్రియుడు – ఖుదా బఖ్ష్ ఖాన్

పందొమ్మిదవ శతాబ్ది చివర మన హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు ఉన్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తిగా సుమారు మూడేండ్లు పనిచేసి వెళ్లిన ఒక బీహారు వకీలును ఈనాడు ఆ పదవిని బట్టి తలచుకొనేవారు బహు తక్కువ. పాట్నా నగరంలో, గంగ ఒడ్డున, ఆయన నెలకొల్పిన గ్రంథాలయం మాత్రం అరబ్బీ, పారశీక విద్వాంసులకు యాత్రాస్థలమై నిలిచింది. ఆయనే మౌల్వీ ఖుదా బఖ్ష్ ఖాన్.

ఆయన 1842లో బీహారులోని ఛప్రా ప్రాంతంలో జన్మించారు. తండ్రి మహమ్మద్ బఖ్ష్ కూడా న్యాయవాదే. ఆయనకు పెద్దల నుండి సంక్రమించిన వ్రాతప్రతులు 300. జీవితకాలంలో వాటిని 1,400కు పెంచారు. 1876లో మరణశయ్యపై నుండి కుమారునికి ఆ గ్రంథాలను అప్పగిస్తూ, వాటిని సర్వజనులకు ఉపయోగపడే గ్రంథాలయంగా చేయవలసిందని కోరారు. బిడ్డలకు ఆస్తి నిచ్చే తండ్రులు ఎందరో కలరు. ఇచ్చిన ఆస్తిని లోకానికి ధారపోయుమని చెప్పే తండ్రులు అరుదు.

ఆనాటి నుండి ఖుదా బఖ్ష్ సంపాదన అంతా పుస్తకాల పాలయింది. మహమ్మద్ మక్కీ అనే అరబ్బును నెలకు 50 రూపాయల జీతంపై నియమించి కైరో, డమాస్కస్, బేరూతు నగరాలలో వ్రాతప్రతులు వెదికించారు. గ్రంథం అమ్మజూపుతూ తన యింటికి వచ్చిన ప్రతివానికి, బేరం కుదిరినా కుదరకున్నా, రానుపోను రైలు చార్జీలు ఇచ్చేవారు. ఒక వింత సంఘటన చెప్పుకొంటారు. పూర్వం ఆయన వద్ద పనిచేసిన ఒక బైండరు విలువైన గ్రంథాలు కొన్ని దొంగిలించి, లాహోరులోని ఒక దళారికి పంపాడట. ఇంతటి ప్రతులు కొనగలవాడు పాట్నా వకీలే అని తలచి, ఆ దళారి తెలియక ఆయనకే బేరం పెట్టాడు! దొంగసొత్తు తనంతట తానే ఇల్లు చేరింది.

ఆయన భాండాగారంలోని తైమూరు వంశ చరిత్ర ప్రతికి ప్రపంచంలో జోడు లేదు. దానిలోని చిత్రాలు అక్బరు ఆస్థాన చిత్రకారులవి. షాజహాను స్వహస్తలిఖితం కూడా అందులో ఉన్నది. హాఫిజ్ దివాను ప్రతి మరీ ఆసక్తికరం. హుమాయూను, జహంగీరు ఆ గ్రంథం తెరచి శకునం చూచుకొని, ఫలితాన్ని పుటల అంచుల్లో స్వయంగా వ్రాసుకొన్నారు. చక్రవర్తులకు కూడా రేపటి భయం తప్పలేదన్నమాట.

సుమారు 80,000 రూపాయల వ్యయంతో కట్టించిన భవనంతో సహా దాదాపు 4,000 వ్రాతప్రతులను 1891లో ప్రజలకు అంకితం చేశారు. పిమ్మటనే హైదరాబాదు ఉద్యోగం. బ్రిటిష్ మ్యూజియం వారు గొప్ప మొత్తమిచ్చి గ్రంథాలను కొనజూచినా ఆయన అంగీకరించలేదు. ధనం అక్కరలేక కాదు. చివరి దినాలలో ఋణభారం ఆయనను క్రుంగదీసింది; ఆరోగ్యం చెడింది; ప్రభుత్వమే అప్పులు తీర్చవలసి వచ్చింది.

1969లో పార్లమెంటు చట్టం ద్వారా ఆ గ్రంథాలయం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఖుదా బఖ్ష్ 1908లో పరమపదించారు. ఆయన సమాధి ఆ గ్రంథాలయ ఆవరణలోనే ఉన్నది.