వారం జీతానికి ఒక వాచీ

సెమిస్టర్ పరీక్షలకి స్మార్ట్ వాచ్ లోపలికి రానివ్వరు. అందుకని పోయిన డిసెంబర్‌లో బస్టాండ్ దగ్గర ఫుట్‌పాత్ మీద 250 రూపాయలు పెట్టి ఒక వాచీ కొన్నాను. డయల్ మీద చీమంత అక్షరాలతో స్విస్ మేడ్ అని ఉంది. హాస్టల్లో దాన్ని చూసి నవ్వని వాడు లేడు. నేనూ నవ్వాననుకోండి. కానీ ఆ రాత్రి ఒక డౌట్ వచ్చింది. స్విస్ వాచీ అనగానే మనకి లక్షలు గుర్తొస్తాయి కదా, అక్కడ మామూలు కూలివాడి కోసం వాచీ చేసినవాళ్లు ఎవరూ లేరా? వెతికితే ఒకాయన దొరికాడు. పేరు జార్జ్ ఫ్రెడరిక్ రోస్కోఫ్. వాచీల చరిత్ర చదివినవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు. మనకి కూడా తెలియాలని రాస్తున్నాను.

తమాషా ఏంటంటే ఆయన పుట్టుకతో స్విస్ కాదు. 1813 మార్చి 15న జర్మనీలోని బాడెన్ ప్రాంతంలో, నీడర్‌వైలర్ అనే ఊళ్లో పుట్టాడు. పదహారేళ్ల వయసులో, 1829లో, స్విట్జర్లాండ్‌లోని లా షో ద ఫోన్ అనే ఊరికి వెళ్లాడు. ఫ్రెంచ్ నేర్చుకోవాలి, వ్యాపారం నేర్చుకోవాలి, అదీ ప్లాన్. ఇనప సామాను, వాచీ భాగాలు అమ్మే కంపెనీలో పనికి కుదిరాడు. రోజూ ఆ చిన్న చిన్న చక్రాలు చూసీ చూసీ మనసు అటు పోయిందేమో, 1833లో వాచీల పని నేర్చుకోవడానికి శిష్యుడిగా చేరాడు.

ఆ ఊరి గురించి కొంచెం చెప్పాలి. జూరా కొండల్లో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. చలికాలం అంతా మంచే. అక్కడ ఇంటింటా వాచీ పనే. ఒక ఇంట్లో ముళ్లు చేస్తారు, ఇంకో ఇంట్లో డయల్, మరో ఇంట్లో పళ్ల చక్రాలు. వీటన్నిటినీ కొని, బిగించి అమ్మే వ్యాపారి ఇంకొకడు. ఊరంతా కలిపి ఒకే పెద్ద ఫ్యాక్టరీ లాంటిదని కార్ల్ మార్క్స్ కూడా తన పెట్టుబడి గ్రంథంలో రాశాడు. ఆ పుస్తకం వచ్చింది 1867లో. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

1835లో రోస్కోఫ్ ఫ్రాన్స్వాజ్ లోరిమియె అనే ఆమెని పెళ్లి చేసుకున్నాడు. ఆమె భర్త చనిపోయిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఆమె డబ్బుతోనే సొంతంగా వాచీల వ్యాపారం పెట్టాడు. 1850లో దాన్ని అమ్మేసి వేరే కంపెనీలో మేనేజర్‌గా చేరాడు. 1855లో కొడుకుతో, జాండ్రో అనే భాగస్వామితో కలిసి మళ్లీ మొదలుపెట్టాడు. రెండేళ్లకే భాగస్వామి నౌషతెల్‌లో వాచీల స్కూలు నడపడానికి వెళ్లిపోయాడు, కొడుకు జెనీవాలో సొంత వ్యాపారం పెట్టుకున్నాడు. నలభై నాలుగేళ్ల వయసులో ఆయన పని మళ్లీ మొదటికొచ్చింది.

ఇక్కడి నుంచే అసలు కథ. 1860 ప్రాంతంలో ఆయనకి ఒక ఆలోచన పట్టుకుంది. మంచి వాచీ ఒకటి 20 ఫ్రాంకులకి అమ్మాలి. 20 ఫ్రాంకులంటే అప్పట్లో ఒక సాధారణ కార్మికుడి వారం జీతం. ఫ్యాక్టరీ సైరన్‌కి పరిగెత్తే మనిషి జేబులో కూడా టైమ్ ఉండాలన్నది ఆయన పట్టుదల. మనం మామూలుగా ముందు డిజైన్ చేసి తర్వాత ధర లెక్కేస్తాం. ఆయన ధర ముందే ఫిక్స్ చేసి, దానికి సరిపోయే డిజైన్ కోసం వెతికాడు.

ఏం చేశాడో చూడండి. మామూలు వాచీలో 150కి పైగానే భాగాలుండేవి. ఆయన 57కి తెచ్చాడు. స్ప్రింగ్ చుట్టి ఉండే డబ్బాని బాగా పెద్దది చేసి, మధ్యలో తిరిగే చక్రాన్నే తీసేశాడు. చక్రాల వేగాన్ని ఆపి వదిలే చిన్న కొక్కెం ఉంటుంది, ఆ టిక్ టిక్ చప్పుడు దానిదే. దానికి మామూలుగా కెంపు రాళ్లు పొదుగుతారు. ఈయన రాళ్ల బదులు స్టీలు పిన్నులు పెట్టాడు. ఈ పిన్నుల పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, అంతకుముందే ఫ్రాన్స్‌లో ఉంది. ఎక్కడ వాడాలో ఆయనకి తెలిసింది. ఆ భాగం మొత్తాన్ని విడిగా ఒక పలక మీద బిగించి వాచీలో కూర్చోబెట్టాడు. మన భాషలో చెప్పాలంటే మాడ్యూల్. పెట్టె బంగారం కాదు, వెండీ కాదు, చవక లోహం. మొదటి వాచీల్లో ముళ్లు సరిచేసే ఏర్పాటు కూడా లేదు, వేలితో జరుపుకోవాలి. కానీ కీ ఇవ్వడానికి విడిగా తాళంచెవి అక్కర్లేదు, పైన ఉన్న మరని తిప్పితే చాలు. అప్పట్లో ఖరీదైన చాలా వాచీలకే ఆ సౌకర్యం లేదు!

ఊళ్లో పనివాళ్లకి ఇది నచ్చలేదు. ఇంత చవక సరుకు చేస్తే తమ పేరు, తమ కూలి రెండూ పోతాయని భయపడ్డారు. వాళ్ల భయంలో అర్థం లేదని నేను అనలేను. ఆయన భాగాలు వేరే ఊళ్లలో చేయించుకొని, చివరికి 1867లో వాచీని బయటికి తెచ్చాడు. దానికి కార్మికుడి వాచీ అనే అర్థంతో ప్రొలెటేర్ అని పేరు పెట్టాడు. అదే ఏడు పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో దానికి కాంస్య పతకం వచ్చింది. ఆర్డర్లు పెరిగాయి.

నకళ్లూ పెరిగాయి. స్విట్జర్లాండ్‌లో అప్పుడు పేటెంట్ చట్టమే లేదు, అది వచ్చింది 1888లో. దాంతో ఎవరు పడితే వాళ్లు రోస్కోఫ్ పేరుతో, స్పెల్లింగ్ కొంచెం మార్చి, నాసిరకం వాచీలు వదిలారు. చవకగా, బాగా చేయాలని ఆయన పడ్డ కష్టంలో చాలామంది చవక ఒక్కటే తీసుకున్నారు. 1873లో ఆయన వ్యాపారం వేరేవాళ్లకి అప్పగించి తప్పుకున్నాడు. 1889 ఏప్రిల్ 14న బెర్న్‌లో చనిపోయాడు.

ఆయన పద్ధతి మాత్రం ఆగలేదు. జేబులోంచి మణికట్టుకి వచ్చి, ఇరవయ్యో శతాబ్దంలో చవక వాచీలన్నిటికీ దాదాపు అదే గుండె అయింది. ఒరిస్ కంపెనీ ఆ పిన్నుల వాచీలతోనే పెద్దదైంది. 1934లో వచ్చిన స్విస్ చట్టం వల్ల రాళ్ల పద్ధతికి మారదామన్నా కుదరక, 1966 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ వాచీల్లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. చప్పుడు ఎక్కువ, పిన్నులు అరిగిపోతాయి. క్వార్ట్జ్ వాచీలొచ్చి స్విస్ పరిశ్రమని ముంచేస్తున్నప్పుడు 1983లో స్వాచ్ వచ్చింది కదా, అందులో భాగాలు 51. రోస్కోఫ్ 57 పక్కన ఆ అంకె చూసి నాకు ఒళ్లు జలదరించింది.

ఇదంతా చదివే రోజుల్లోనే మా టీమ్ మినీ ప్రాజెక్ట్ యాప్ పూర్తయింది. మా ల్యాప్‌టాప్‌ల్లో, మా ఫోన్లలో సూపర్‌గా పనిచేసింది. సంక్రాంతికి ఇంటికెళ్లి అమ్మ ఫోన్లో వేస్తే ఓపెన్ కూడా అవ్వలేదు. ఫోన్ పాతదమ్మా అన్నాను. అమ్మ ఏమీ అనకుండా ఫోన్ తీసుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని కోడ్‌లో ఏమేం తీసేయొచ్చో లిస్టు రాసుకోవడం. ఇప్పటికి సగమే అయింది. ఫుట్‌పాత్ వాచీ మాత్రం ఇంకా నా చేతికే ఉంది, రోజుకి రెండు నిమిషాలు వెనక్కి నడుస్తూ.