భరత్‌పూర్ పక్షులకు అండగా నిలిచిన సలీం అలీ

వర్షాలు బాగా కురిసిన ఏట, చలికాలం రాగానే రాజస్థాన్‌లోని భరత్‌పూర్ శివార్లలో ఉన్న కేవలాదేవ్ సరస్సు వలస పక్షులతో కళకళలాడుతుంది. సూదితోక బాతులు, పట్టెతల బాతులు హిమాలయాల ఆవలి నుంచి వచ్చి ఇక్కడ విడిది చేస్తాయి. నేడు సందర్శకులు బైనాక్యులర్లతో తిలకించే ఈ నీటిమీద ఒకప్పుడు తుపాకులు మోగేవి. ఆ మార్పుతో విడదీయరానంతగా ముడిపడిన పేరు డాక్టర్ సలీం అలీ.

ఆయన 1896 నవంబర్ 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. పక్షులతో ఆయన పరిచయం కూడా తుపాకీతోనే మొదలైంది. బాల్యంలో గాలితుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదే జాతిదో తెలుసుకోవడానికి ఆ బాలుడు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కాడు. కార్యదర్శి మిల్లార్డ్ అక్కడ భద్రపరచిన పక్షుల నమూనాలను ఓపికగా చూపించారు. ఆ రోజు పుట్టిన జిజ్ఞాస జీవితాంతం ఆయనను వీడలేదు.

1929లో జర్మనీ వెళ్లి ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొందారు. తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఆయన ఉద్యోగం లేకుండా పోయింది. సముద్రతీర గ్రామం కిహీంలో కాలం గడుపుతూ, గిజిగాళ్లు గూళ్లల్లే తీరును, వాటి సంతాన క్రమాన్ని శ్రద్ధగా గమనించారు. అనంతరం 1931-32లో నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే జరిపారు. ఈ యాత్రలలో తోడు నిలిచిన భార్య తెహ్మీనా 1939లో మరణించారు. ఆ దుఃఖంలోనూ పని ఆపలేదు. 1941లో వెలువడిన ‘ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ ఎందరికో పక్షులను పేరు పెట్టి గుర్తించడం నేర్పింది.

ఇక భరత్‌పూర్. మహారాజులు బాతుల వేటకోసం పోషించిన ఆ నీటి నేలలో 1938 నవంబర్ 12న, వైస్రాయ్ లిన్‌లిత్‌గో పాల్గొన్న వేటలో, ఒక్కరోజే 4,273 పక్షులు నేలకూలాయి. ఆ లెక్క చెక్కిన శిలాఫలకం నేటికీ అక్కడే ఉంది. సరిగ్గా అదే రోజు సలీం అలీకి 42 ఏళ్లు నిండాయి. స్వాతంత్ర్యానంతరం ఆ నీటిని తోడి, నేలను సాగుకు పంచాలన్న ఒత్తిడి పెరిగింది. సలీం అలీ ప్రధాని నెహ్రూ దృష్టికి విషయాన్ని తీసుకెళ్లారు. 1956లో అది పక్షి సంరక్షణ కేంద్రమైంది. తుపాకీ గుళ్లు పడ్డ చోటనే ఆయన బృందం పక్షులను పట్టి, కాళ్లకు రింగులు తొడిగి వదిలిపెట్టింది. ఆ రింగులు దూరదేశాల్లో దొరికినప్పుడు వలస దారులు తేటతెల్లమయ్యాయి.

1982లో అది జాతీయ ఉద్యానమైంది. గేదెల మేతపై నిషేధం విధించారు. సలీం అలీ కూడా దానిని సమర్థించారు. తరతరాలుగా అక్కడ పశువులను మేపుకుంటున్న గ్రామస్థులు ఎదురుతిరిగారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఆయన సొసైటీయే జరిపిన దీర్ఘకాలిక అధ్యయనం ఊహించని ఫలితం చూపింది. గేదెలు మేయకపోవడంతో గడ్డి దట్టంగా అల్లుకుని, నీటిపక్షులకు చోటు తగ్గింది. పక్షిని కాపాడాలంటే దాని చుట్టూ ఉన్న పశువును, మనిషిని కూడా గమనించాలన్నది ఆ సరస్సు నేర్పిన పాఠం. అందుకు చెల్లించిన మూల్యం మాత్రం తిరిగిరానిది.

పద్మవిభూషణ్ పురస్కార గ్రహీత, రాజ్యసభ సభ్యుడు సలీం అలీ 1987 జూన్ 20న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఒకనాడు భరత్‌పూర్‌కు వచ్చిన సైబీరియా కొంగలు 2002 తరువాత అక్కడ కనిపించలేదు. మిగిలిన అతిథులు మాత్రం నీరున్న ప్రతి శీతాకాలం వస్తూనే ఉన్నాయి. గట్టున నిలిచి వాటిని చూసేవారు, లెక్కించేవారు ఉన్నంతకాలం ఆయన మొదలుపెట్టిన పని సాగుతూనే ఉంటుంది.