గొట్టాల గుట్టు తెలిసిన ఫెయిర్‌బెయిర్న్
బావి మీది ఇంజను పీల్చే రబ్బరు పైపులో తీగచుట్ట ఎందుకుంటుందో మన రాప్తాడు రైతుల్ని అడగండి. అది లేకపోతే పైపు చప్పబడిపోతుంది. ఇనుప గొట్టాల్లో ఈ సంగతి పరీక్షించి తేల్చినవాడు విలియం ఫెయిర్‌బెయిర్న్.

1789లో స్కాట్లండులోని కెల్సోలో పుట్టాడు. తండ్రి వ్యవసాయ కూలీ. బొగ్గుగని దగ్గర యంత్రాల పని నేర్చుకుని, మాంచెస్టరులో కార్ఖానా పెట్టాడు. బ్రిటానియా వంతెన కోసం ఇనుప గొట్టాల నమూనాల మీద బరువులు వేసి చూస్తే, చాలావాటిలో అడుగు తెగకముందే పైరేకు ముడతపడి నలిగింది. లాగుడుకు ఓర్చుకున్న రేకు నొక్కుడుకు ఓర్చుకోలేదన్నమాట!

ఆ రోజుల్లో బాయిలర్లు పేలి కూలీలు చచ్చిపోయేవారు. చుట్టూ ఉన్న ఒత్తిడికి లోపలి పొగగొట్టం నలిగిపోవడం అందుకొక కారణం. గొట్టం పొడవయ్యేకొద్దీ బలం తగ్గుతుందని 1858లో ఆయన చూపించాడు. మధ్యమధ్య ఉంగరాలు బిగించమన్నాడు, మన తీగచుట్టలాగే. బయటి ఒత్తిడికి వంపు కూడా తోడైతే ఉక్కు పైపు ఇంకా ముందే లొంగుతుంది. సముద్రం అడుగున పైపులు వేసే ఇంజనీర్లకు నేటికీ అదే తలనొప్పి. ఫెయిర్‌బెయిర్న్ 1874లో కన్నుమూశాడు.