బుల్సారా ఇంటి అబ్బాయి... ‘కిల్లర్ క్వీన్’ పాట

వెస్ట్‌మీడ్: ఇక్కడి మన పిల్లలకు ఫ్రెడ్డీ మెర్క్యురీ పాటలు బాగానే తెలుసు. ఆయన మన దేశంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడన్న సంగతి మాత్రం చాలామంది పెద్దలకే తెలియకపోవచ్చు.

అసలు పేరు ఫర్రూఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో, పార్సీ కుటుంబంలో పుట్టాడు. గుజరాత్‌లోని బల్సార్, అంటే ఇప్పటి వల్సాడ్, ఊరిపేరే వాళ్లకు ఇంటిపేరైంది. మనలోనూ ఎన్ని ఇంటిపేర్లు ఇలా వచ్చినవి కావు! తండ్రి బోమి అక్కడ బ్రిటిష్ సర్కారు కొలువులో క్యాషియర్. కొడుక్కి ఎనిమిదేళ్లు రాగానే ఓడ ఎక్కించి మహారాష్ట్రలోని పంచ్‌గనిలో సెయింట్ పీటర్స్ స్కూలుకు పంపారు. అక్కడి హెడ్‌మాస్టరు పిల్లాడిలో సంగీతం ఉందని గమనించి, పియానో నేర్పిద్దామని ఇంటికి ఉత్తరం రాశారు. పన్నెండేళ్లకే తోటి పిల్లలతో ‘హెక్టిక్స్’ అనే బ్యాండు కట్టి లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డొమినో పాటలు వాయించాడు. ఫ్రెడ్డీ అన్న ముద్దుపేరు కూడా ఆ స్కూల్లో వచ్చిందే.

1964లో జాంజిబార్ విప్లవం వచ్చింది. కుటుంబమంతా ఇంగ్లండ్ చేరి, లండన్ శివార్లలోని ఫెల్తమ్‌లో స్థిరపడింది. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో చదువు, సెలవుల్లో హీత్రో విమానాశ్రయంలో సామాన్లు మోసే పని. 1970లో బ్రయన్ మే, రోజర్ టేలర్‌లతో కలిసి ‘క్వీన్’ మొదలుపెట్టాడు. ఇంటిపేరు మార్చుకున్నదీ ఆ రోజుల్లోనే.

అప్పుడు లండన్‌లో గ్లామ్ రాక్ హవా. మార్క్ బోలన్, డేవిడ్ బోవీ మెరుపు దుస్తులు వేసి, ముఖానికి రంగులు పూసుకుని పాడేవారు. అదే వేషంతో క్వీన్ 1974 జనవరిలో మెల్‌బోర్న్ దగ్గరి సన్‌బరీ ఉత్సవానికి వస్తే, మన ఆస్ట్రేలియా జనం గేలి చేసి పంపారు.

అదే ఏడాది అక్టోబరులో ‘కిల్లర్ క్వీన్’ విడుదలైంది. చిటికెలతో మొదలయ్యే మూడు నిమిషాల పాట. విలాసవంతుల మధ్య మెలిగే ఓ నెరజాణ వర్ణన. దీనికి మాటలు ముందు రాసి, బాణీ తర్వాత కట్టాడు. గ్రాండ్ పియానోకు తోడుగా గలగలమనే పాతకాలపు చిన్న పియానో వాయించాడు. బ్రయన్ మే జబ్బుపడి ఆస్పత్రిలో ఉంటే, ఆయన గిటారుకు చోటు వదిలి మిగతా ముగ్గురూ రికార్డింగ్ కానిచ్చారు. ఆయన కోలుకొచ్చి, పొరలు పొరలుగా గిటారు చేర్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఆ పొరలు విడివిడిగా తెలుస్తాయి. పాట నడకలో మాత్రం రాక్ కంటే నోయెల్ కవర్డ్ తరహా లండన్ నాటకశాల పాటల పోకడే ఎక్కువ. వేషం గ్లామ్‌ది, బాణీ అంతకు ముందు తరాలది. నాకైతే దాని అందమంతా ఆ కలయికలోనే ఉందనిపిస్తుంది. బ్రిటన్‌లో రెండో స్థానానికి ఎక్కింది. అమెరికాలో వాళ్ల మొదటి హిట్ కూడా ఇదే.

తన మూలాల గురించి బయట పెద్దగా మాట్లాడలేదని ఆయన్ని తప్పుపట్టేవాళ్లున్నారు. ఆనాటి లండన్‌లో వలస వచ్చిన కుర్రాడికి అదెంత కష్టమో, స్కూలు హాజరుపట్టీలో పిల్లల పేర్లు ఎలా కురచవుతాయో చూసిన మనకు వేరే చెప్పక్కర్లేదు.

1991 నవంబరు 24న, ఎయిడ్స్ వల్ల, 45 ఏళ్లకే కన్నుమూశాడు. తల్లిదండ్రులు అప్పటికి బతికే ఉన్నారు. అంత్యక్రియలు లండన్‌లో పార్సీ పురోహితులే జరిపించారు.