రోము వీథులను ఆడించిన శిల్పి

పాశ్చాత్య శిల్పులలో మైకెలాంజెలో పేరు వినని విద్యావంతుడు మనలో అరుదు. ఆ మహాశిల్పి గతించిన 34 సంవత్సరములకు, 1598 డిసెంబరు 7వ తేదీన, నేపుల్స్ నగరమున జన్మించిన జియాన్ లొరెంజో బెర్నీనిని ఎరిగినవారు అంతకంటె తక్కువ. ఎరిగినవారును ఆయనను పాలరాతిని మైనమువలె మలచిన శిల్పిగను, పోపుల ఆస్థానమున అర్ధశతాబ్దికి పైగా వెలిగిన వాస్తుకర్తగను మాత్రమే తలతురు. ఆయన హాస్యనాటకములు వ్రాసెననియు, స్వయముగా వేషము కట్టెననియు, రోము నగరపు బహిరంగ స్థలములందు నిలిపిన పనులలో పెక్కింటికి ఆ నాటకముల ప్రాణమే పోసెననియు చెప్పువారు కొద్దిమంది. ఈనాడు మహానగరముల కూడళ్ళలో కళాకారులు వింత కల్పనలు నిలిపి, దారిన పోవువారినే పాత్రధారులుగా చేసికొనుచున్నారు. అది మన కాలమున పుట్టిన ఆలోచనయే అని తలచువారు బెర్నీని చరిత్రను ఒకసారి తిరుగవేయవలెను.

తండ్రి పియెత్రో ఫ్లారెన్సు ప్రాంతపు శిల్పి. తల్లి నేపుల్స్ వనిత. కుటుంబము 1606 ప్రాంతమున రోము చేరెను. బాలుడు తండ్రి ఉలి చప్పుడు వినుచు పెరిగి, ఇరువదియేండ్లు నిండిన కొలది కాలమునకే కార్డినల్ బొర్గేసేకు శిల్పములు చెక్కసాగెను. చెట్టుగా మారిపోవుచున్న దఫ్నేను అపోలో అందుకొనబోవు శిల్పము 1625లో పూర్తియైనది. వేళ్ళకొసలు ఆకులగుచున్న ఆ క్షణమును రాతిలో పట్టిన నేర్పును గూర్చి పెక్కుమంది వ్రాసియున్నారు. దానిని వారికే విడిచెదను. 1623లో ఆయన అభిమాని మాఫియో బార్బెరీని ఎనిమిదవ అర్బను పేర పోపు అయ్యెను. నాటినుండి రోము నగరమే బెర్నీనికి పనిశాల అయినది.

స్పెయిన్ చౌకములోని పడవ ఫౌంటెను 1627–29 నడుమ కట్టబడినది. పని తండ్రి పేరిట జరిగినను కుమారుని ఆలోచన అందులో కలదని పలువురి అభిప్రాయము. ఆ చోటికి వచ్చు కాలువనీటికి ఒత్తిడి చాలదు. నీరు పైకి చిమ్మదు. మరియొకడైనచో అది లోపమని చింతించియుండును. ఇక్కడ నేలమట్టమునకంటె క్రిందుగా ఒక పడవను నిలిపి, అది మునుగుచు అన్ని వైపుల నీరు కార్చుచున్నట్లు చేసిరి. నీటి బలహీనతయే హాస్యమైనది. 1598 నాటి టైబరు వరదలో ఒక పడవ ఆ చౌకమువరకు కొట్టుకొనివచ్చి నిలిచెనని ఒక జనశ్రుతి. దాహము గొన్నవాడు రాతి పడవలోనికి అడుగిడి వంగి నీరు త్రాగవలెను. త్రాగువాడు ఆ క్షణమున పడవ ఎక్కినవాడే.

ఇక నాటకములు. ఉపవాసదినములకు ముందు వచ్చు కార్నివాలు ఉత్సవములలో బెర్నీని తన సోదరులను, శిష్యులను, పనివారిని వేషధారులుగా చేసి హాస్యనాటకములు ఆడించుచుండెను. వృత్తినటులకంటె వీరియందే ఆయనకు నమ్మకము. నాటకమును వ్రాయుట, తెరలు చిత్రించుట, యంత్రములు కల్పించుట, వేషము కట్టుట అన్నియు తానే. 1637లో రెండు నాటకశాలల కథను ఆడిరి. తెర లేచునప్పటికి ప్రేక్షకులకు ఎదుట ఇంకొక ప్రేక్షకసమూహము కూర్చుండి కనిపించెను; ఎవరు చూచువారో, ఎవరు చూపబడువారో తెలియని తికమక అది. మరుసటి యేట టైబరు వరదను రంగమునకు దెచ్చెను. నిజమైన నీరు కట్టలు త్రెంచుకొని ప్రేక్షకులవైపు ఉరికివచ్చెను. జనులు లేచి పరుగిడబోవునంతలో మరుగున అమర్చిన తూము తెరచుకొని నీరంతయు ఇంకిపోయెను. మరియొక నాటకమున దివిటీ పట్టిన నటుడు పొరపాటున వలె తెరలకు నిప్పంటించెను. మంటలు లేచినవి, జనులు భయపడిరి. అంతలో మంట మాయమై అచ్చట అందమైన తోట ఒకటి కనిపించెను.

మన పగటివేషగాడు అధికారి రూపమున గుమ్మము ముందు నిలిచి, ఇంటివారిని కలవరపెట్టి, పిదప నవ్వించి బియ్యము పుచ్చుకొని పోవుట గ్రామములలో పెద్దలు చూచినదే. అందులో నటుడు ఒక్కడు కాడు. మోసపోయిన గృహస్థు సగము నాటకము ఆడును. బెర్నీని పట్టిన కిటుకు ఇదియే. అయితే ఆయన ప్రేక్షకులు కార్డినళ్ళు, ప్రభువులు. ఆ వినోదము నాలుగు గోడల లోపలిది. దానిని గోడల వెలుపలకు, బిచ్చగానికిని బండివానికిని అందునట్లు తెచ్చుటకు ఇంకను కొంతకాలము పట్టెను.

ఆ నడుమ ఆయన జీవితమున ఒక నీచమైన ఘట్టము కలదు. కళాకారుని దోషములను కప్పిపుచ్చు జీవితచరిత్రలయందు నాకు గౌరవము లేదు గనుక చెప్పుచున్నాను. తన సహాయకుని భార్య కొస్తాంజా ఆయన ప్రేయసి. 1638లో, ఆమె తన తమ్ముడు లుయీజీతో గూడ కలియుచున్నదని కనిపెట్టి, బెర్నీని తమ్ముని ఇనుపకడ్డీతో కొట్టి ఎముకలు విరిచెను. అతడు శాంటా మరియా మాజ్జొరే దేవాలయమున శరణు జొచ్చగా కత్తి చేతబట్టి అక్కడికిని తరిమెను. సేవకునిచేత కొస్తాంజా ముఖమును కత్తితో కోయించెను. సేవకునికి ప్రవాసము, కొస్తాంజాకు నిర్బంధము. బెర్నీనికి మూడువేల స్కూడీల జరిమానా వేసి, పోపు దానినిగూడ క్షమించెను. జనులను భయపెట్టి అంతలో నవ్వించుట నేర్చినవాడు ఈ భయమును మాత్రము నవ్వుగా మార్చలేదు, మార్చజాలడు. మరుసటి యేట ఆయన కతెరీనా తేజియోను వివాహమాడెను.

శిక్ష మరియొక దిక్కునుండి వచ్చెను. సెయింట్ పీటర్స్ దేవాలయమునకు ఆయన కట్టిన గంటస్తంభము క్రింద నేల క్రుంగి గోడలకు పగుళ్ళు వచ్చినవి. 1644లో అర్బను మరణించి పదవ ఇన్నొసెంటు పోపు కాగా, శత్రువుల గొంతు పెరిగినది. 1646లో ఆ స్తంభమును రాయి రాయిగా పడగొట్టించిరి. నగరమంతయు చూచుచుండ తన పనిని కూలగొట్టుట శిల్పికి ఎట్టిదో ఊహింపదగును.

పియాజ్జా నవోనా అను చౌకము డొమీషియను చక్రవర్తి కట్టించిన పరుగుపందెముల క్రీడాస్థలముపై ఏర్పడినది. నేటికిని దాని ఆకారము అదే. అక్కడ పోపు కుటుంబపు భవనము కలదు. ఆ భవనము ముందు, ఆపియా మార్గముననున్న పాత క్రీడాస్థలమున విరిగిపడియున్న ఈజిప్టు తరహా రాతిస్తంభమును నిలిపి ఫౌంటెను కట్టింపవలెనని ఇన్నొసెంటు సంకల్పించి, శిల్పుల నుండి నమూనాలు కోరెను. బెర్నీనికి పిలుపు లేదు. లుడొవీసి ప్రభువు ప్రోత్సాహమున ఆయన నమూనా చేయగా, దానిని పోపు నడచివచ్చు గదిలో ఉంచిరి. పోపు దానిని చూచి ఆగిపోయెననియు, పని ఆయనకే దక్కెననియు జీవితచరిత్రకారుల కథనము. ఇదియు ఒక నాటకమే, ప్రేక్షకుడు ఒక్కడు.

1648లో పని ప్రారంభమైనది. కాని ఆ రోజులలో రోములో పంటలు చెడి రొట్టె ధర పెరిగియుండెను. పన్నుల బరువు వేరు. ఆ చౌకమునకు ప్రక్కనే పాస్కీనో అను పాత విగ్రహము కలదు. పాలకులపై పరిహాసపు పద్యములు వ్రాసి రాత్రివేళ దానికి అంటించుట రోము ప్రజల అలవాటు. ఇప్పుడు ఆ చీటీలు ఫౌంటెనుకై తెచ్చిన రాళ్ళమీదనే కనిపింపసాగినవి. తమకు స్తంభములు వలదు, ఫౌంటెనులు వలదు, రొట్టె కావలెనని వాటి సారాంశము. ఈ అభ్యంతరమును అల్పబుద్ధుల అసూయగా త్రోసివేయుట తగదు. కడుపు కాలినవాని పన్నుతో కట్టిన వినోదము ఎవరిది అను ప్రశ్న అది. నేటికిని దానికి వయస్సు మీరలేదు.

1651 జూన్ నెలలో ఫౌంటెను ఆవిష్కృతమైనది. గుహవలె తొలిచిన రాతిగుట్ట నాలుగు వైపుల తెరచియున్నది. ఒక దిక్కున చూచిన ఆవలి దిక్కు కనిపించును. అట్టి శూన్యముపై బరువైన స్తంభము. చుట్టును నాలుగు ఖండములకు నాలుగు మహానదులు పురుషాకృతులలో కూర్చున్నవి: డాన్యూబు, నైలు, దక్షిణ అమెరికాలోని లా ప్లాటా, మన గంగ. గంగ చేతిలో పొడవైన తెడ్డు కలదు. నావలు పోదగిన నది యని సూచన. గంగను తల్లిగా కొలుచు మనకు ఆ గడ్డపు పురుషుని చూచి నవ్వు రావచ్చును. పాశ్చాత్యులకు నదులు పురుషులు. నైలు జన్మస్థానము నాటికి తెలియదు గనుక ఆ విగ్రహపు తలపై ముసుగు కప్పబడినది. ఎదుటి దేవాలయమును కట్టిన ప్రత్యర్థి బొర్రొమీని పని చూడలేక నైలు ముఖము కప్పుకొనెనని చెప్పు కథ ముచ్చటైనదే గాని, ఆ దేవాలయము ఫౌంటెను పూర్తియైన పిదపనే, 1652లో, ఆరంభమైనది.

ఆవిష్కరణకు ముందు పోపు చూడవచ్చినప్పటి సంగతి జీవితచరిత్రలలో కలదు. నీరు ఎప్పుడు వచ్చునని పోపు అడిగెను. ఇంకను ఏర్పాట్లు కావలెనని బెర్నీని వినయముగా చెప్పెను. పోపు ఆశీర్వదించి వెనుదిరిగి వాకిలి చేరునంతలో వెనుక జలధార ఘోషించినది. తూములన్నియు తెరువుమని ముందే సంజ్ఞ ఏర్పరచియుండెను. వరద నాటకమునందలి యుక్తియే ఇది. ఈమారు నీరు నగరమునకు మిగిలినది. తరువాత స్తంభము కూలిపోవునని పుకారు పుట్టగా, బెర్నీని కలవరపడినట్లు చౌకమునకు వచ్చి, సన్నని త్రాళ్ళు నాలుగింటిని స్తంభమునకు కట్టి ప్రక్క యిండ్ల గోడలకు మేకులతో బిగించి, ఇక భయము లేదన్నట్లు తృప్తిగా వెడలిపోయెనని రోములో కథగా చెప్పుకొందురు. ఇది జరిగినదో లేదో గాని, చెప్పుకొన్న ప్రజలకు ఆయన స్వభావము బాగుగా తెలియును.

రొట్టె అడిగిన ప్రజలకు ఆ చౌకము మరియొక విధముగా దక్కినది. 1652 మొదలుకొని, నడుమ కొన్నాళ్ళు ఆగినను, 1866 వరకు ఆగస్టు మాసపు సెలవుదినములలో ఫౌంటెనుల మురుగుదారులు మూసివేయుచుండిరి. అప్పుడు ఆ చౌకపు నేల నడుమ పల్లముగా ఉండెను. నీరు నిలిచి చెరువయ్యెడిది. ధనికులు బండ్లను నీటిలో తోలుకొని తిరుగుచుండిరి. పిల్లలు ఈదులాడుచు నాణెములకై మునుగుచుండిరి. తడియువారును తడుపువారును, గట్టుమీద నవ్వువారును ఒక్కటే మేళము. ఇది బెర్నీని ఏర్పాటని నేను చెప్పను. కాని ఆయన ఎన్నడును నేలమీదికి దింపలేకపోయిన నాటకము ఇదియే అని నా తలపు. అది రొట్టెకు బదులు కాదు.

ఏడవ అలెగ్జాండరు పోపు కాలమున, 1656 నుండి 1667 వరకు, సెయింట్ పీటర్స్ చౌకమునకు రెండు చేతులవలె స్తంభశ్రేణులు కట్టెను. స్తంభములు 284, నాలుగు వరుసలు. నేలపై పరచిన రెండు గుండ్రని రాళ్ళలో ఒకదానిపై నిలిచి చూచినచో వెనుక వరుసలు మూడును మాయమై ఒక్క వరుసయే కనిపించును. ఒక అడుగు ప్రక్కకు వేసినంతనే అడవివలె స్తంభములు మొలచును. రాయి కదలదు, చూచువాడు కదలవలెను. నేటికిని యాత్రికులు ఆ రాయిపై నిలుచుటకు వరుస కట్టుదురు.

1661లో ఫ్రాన్సు యువరాజు జన్మింపగా, నేడు స్పానిషు మెట్లు ఉన్న కొండవాలు నంతయు బాణసంచాతో మండు పర్వతముగా మార్చుటలోను ఆయన పాలు కలదు. అది ఒక రాత్రి వెలిగి ఆరిపోయినది. 1665లో పధ్నాలుగవ లూయీ ఆహ్వానమున పారిస్ వెళ్ళి రాజభవనమునకు నమూనాలు గీసెను, అవి కట్టబడలేదు. ఆ ప్రయాణము ఆయన కీర్తికి చేర్చినది తక్కువ.

1667లో మినర్వా చౌకమున నిలిపిన ఏనుగు మాత్రము చిన్నదైనను ఆయన హాస్యమునకు మచ్చుతునక. డొమినికను సన్యాసుల తోటలో దొరికిన చిన్న ఈజిప్టు స్తంభమును ఏనుగు వీపున నిలిపెను. ఏనుగు పొట్ట క్రింద ఖాళీగా ఉండవలెనని ఆయన కోరిక; బరువు ఆగదని ఒక సన్యాసి పట్టుబట్టి క్రింద రాతిదిమ్మె పెట్టించెను. దిమ్మెను కప్పుటకు పొడవైన జూలు చెక్కిరి, ఏనుగు బలిసినట్లయినది. రోమువారు దానిని మొదట పందిపిల్ల అనియు, పిదప ఆ మాటయే పలుకుబడిలో మారి మినర్వా కోడిపిల్ల అనియు పిలిచిరి. దాని వెనుకభాగము సన్యాసుల నివాసమువైపు తిరిగియుండుటకు అర్థము వెదకువారును కలరు. ఎవరును అడుగకయే పేరు పెట్టుకొను హక్కు వీథికి కలదు. కాని జనులకు ఇంత దగ్గరగా నిలుపుటలో ప్రమాదము లేకపోలేదు: 2015లో ఫుట్‌బాలు ఆట చూడవచ్చిన విదేశీ మూక పడవ ఫౌంటెనును గాయపరచినది, 2016లో ఎవరో ఏనుగు దంతము విరిచిరి.

పోపులను, కార్డినళ్ళను నాలుగు గీతలలో పరిహసించు వ్యంగ్యచిత్రములు ఆయన వార్ధక్యమువరకు గీచెను. కడపటి దినములలో కుడిచేయి పడిపోయినది. 1680 నవంబరు 28న, 82 ఏండ్లు నిండుటకు కొలదిదినముల ముందు, ఆయన రోములోనే మరణించెను. నగరమునకు అన్ని విగ్రహములను ఇచ్చినవాని సమాధికి విగ్రహము లేదు. ఒకప్పుడు తమ్ముని తరిమిన శాంటా మరియా మాజ్జొరే దేవాలయమునందే, వేదికకు దాపున మెట్టుగా పరచిన సాదా రాతిపలకపై పేరు చెక్కియున్నది.